గడప లోపలికి బడిని తీసికొనివెళ్ళిన తల్లి – శ్రీమతి కమలా సత్యనాథన్

శతవార్షికోత్సవ సంచిక అనగానే బిషప్పుల చిత్రపటాలు, దేవాలయాల ప్రతిష్ఠ తేదీలు, కమిటీ సభ్యుల పేర్లు మన కన్నుల ముందు మెదులుతాయి. అవి ఉండవలసినవే. కాని సంఘము ఇన్నేళ్ళు ఎవరి చేతుల మీద పెరిగినదని నెమ్మదిగా ఆలోచిస్తే, మనలో చాలామందికి ముందుగా ఒక టీచరమ్మ గుర్తుకు వస్తుంది. మిషన్ బడిలో పలక పట్టించి అక్షరాలు దిద్దించిన టీచరమ్మ, సండే స్కూలులో దావీదు గొల్యాతుల కథ చెప్పిన అవ్వ, రాత్రి కుటుంబ ప్రార్థనలో మనుమల చేత వాక్యము చదివించిన అమ్మమ్మ, నాయనమ్మ. పౌలు భక్తుడు తిమోతికి రెండవ పత్రిక వ్రాసినప్పుడు ఆరంభంలోనే లోయి అనే అవ్వను, యునీకే అనే తల్లిని పేరుపెట్టి స్మరించుకొన్నాడు. అంత పెద్ద అపొస్తలునికి ఒక యౌవన గురువు విశ్వాసాన్ని గురించి చెప్పవలసివచ్చినప్పుడు ఆ ఇంటి ఆడవారు జ్ఞాపకం వచ్చారు.

అట్టి ఒక తల్లిని ఈ వ్యాసంలో స్మరించదలచాము. ఆమె శ్రీమతి కమలా సత్యనాథన్. తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టి, దక్షిణ భారతదేశంలో ఎం.ఏ. పట్టము పొందిన తొలి మహిళగా పేరెన్నికగన్న విద్యావతి. ఆమె మన డయాసిస్‌లో పనిచేసిన వ్యక్తి కారు. ఆమె పేరిట మన సంఘాలలో ఒక భవనముగాని, శిలాఫలకముగాని మేము చూడలేదు. అయినను తెలుగు సంఘము తన కుమార్తెలను చదివించుట అంటే ఏమిటో తెలిసికొనడానికి ఆమె జీవితము మంచి పాఠము.

బందరు చదువు

ఆమె 1879లో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హన్నా రత్నం. తండ్రి రెవరెండు ఓరుగంటి శివరామ కృష్ణమ్మ గారు బ్రాహ్మణ కుటుంబము నుండి క్రీస్తును అంగీకరించి గురుత్వములో ప్రవేశించినవారు. ఈ ఒక్క మాట చదివి దాటిపోరాదు. ఆ రోజులలో బాప్తిస్మము అంటే ఇల్లు, వాకిలి, బంధువర్గము, ఆస్తిహక్కు అన్నీ ఒక్కనాడే విడిచిపెట్టడము. అలా విడిచివచ్చిన కుటుంబాలకు మిగిలిన ఆస్తి చదువే. ఆ ఆస్తిని కృష్ణమ్మ గారు కుమారులకని దాచిపెట్టలేదు, కుమార్తె చేతిలో పెట్టారు.

ఆమె చదివినది బందరులోని నోబుల్ కళాశాలలో. రాబర్టు నోబుల్ దొరగారు 1841లో తెలుగు దేశానికి వచ్చి, 1843లో ఆ బడిని స్థాపించారు. 1852లో ఆ బడి విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మము తీసికొన్నప్పుడు ఊరు ఊరంతా కలవరపడి, తల్లిదండ్రులు పిల్లలను మాన్పించగా బడి దాదాపు ఖాళీ అయిపోయింది. నోబుల్ గారు కదలక నిలబడ్డారు, పిల్లలు మెల్లగా తిరిగి వచ్చారు. అదే ఊరిలో షార్కీ దొరసాని గారు బాలికల కొరకు బోర్డింగు పాఠశాల నడిపేవారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరులోను చుట్టుపట్లను సుమారు ముప్పైవేల మంది కొట్టుకొనిపోయారు. ఆ బోర్డింగు బాలికలు కూడా ఎందరో ఆ రాత్రి నీటిపాలయ్యారు. తెలుగు ఆడపిల్లల చదువు అంత కష్టము మీద, అంత దుఃఖము మీద మొలకెత్తినది.

హన్నా రత్నం కాలేజీలో చేరేనాటికి అది మగపిల్లల కాలేజీ. ఆ 1890 దశాబ్దిలోనే రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అక్కడ పాఠాలు చెప్పేవారు.  అటువంటిచోట ఒక గురువు గారి కుమార్తె పుస్తకాలు పట్టుకొని తరగతికి వెళ్ళి కూర్చుండుట సామాన్యమైన సంగతి కాదు. 1901 జనాభా లెక్కలలో దేశము మొత్తము మీద వెయ్యిమంది స్త్రీలలో అక్షరము వచ్చినవారు ఏడుగురు మాత్రమే. అటువంటి కాలానికి మూడేండ్ల ముందు, 1898లో, ఆమె మద్రాసు విశ్వవిద్యాలయపు బి.ఏ. పట్టభద్రురాలైనది. కలకత్తాలో చంద్రముఖీ బసు, కాదంబినీ గంగూలీ అను ఇద్దరు స్త్రీలు మన దేశములో మొదటిసారి బి.ఏ. పట్టము పొందినది 1883లో. వారి తరువాత పదిహేనేండ్లకే తెలుగు తీరము నుండి ఒక పిల్ల ఆ మెట్టు ఎక్కినది.

మూడు తరముల ఇల్లు

అదే 1898లో ఆమెకు డాక్టరు శామ్యూల్ సత్యనాథన్ గారితో వివాహము జరిగింది. ఆయన కేంబ్రిడ్జిలో చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తర్కశాస్త్రము, నీతిశాస్త్రము బోధించిన ఆచార్యులు. మద్రాసు రాజధానిలో విద్యాచరిత్రను గ్రంథముగా వ్రాసినవారు. ఆయన మొదటి భార్య కృపాబాయి గారు కూడా పేరు పొందిన రచయిత్రి. ఆంగ్లములో నవలలు వ్రాసిన తొలి భారతీయ స్త్రీలలో ఒకరు. ఆమె 1894లో, ముప్పది రెండేండ్ల వయస్సులోనే ప్రభువునందు నిద్రించారు. వివాహము తరువాత హన్నా రత్నం గారు లోకానికి కమలా సత్యనాథన్‌గా తెలిశారు.

ఆమె అడుగుపెట్టిన ఆ ఇంటిని గురించి కొంత చెప్పవలెను. మామగారు రెవరెండు డబ్ల్యు. టి. సత్యనాథన్ గారు మద్రాసు చింతాద్రిపేటలోని సీయోను దేవాలయపు గురువు. అత్తగారు అన్నా సత్యనాథన్ గారు తిరునెల్వేలి సంఘములో గురువైన జాన్ దేవసహాయం గారి కుమార్తె. ఆమె మద్రాసులో హిందూ బాలికల కొరకు బడులు నడిపి, బయటికి రాని స్త్రీలకు వారి ఇండ్లకే వెళ్ళి చదువు చెప్పిన ఉపాధ్యాయిని. కోడలు ఆ ఇంటికి రాకముందే ఆమె కన్నుమూశారు. వారిద్దరు కలిసి ఒక్కనాడైనా కూర్చుండి మాట్లాడుకొన్నది లేదు. అయినను ఇంటింటికి వెళ్ళి చదువు చెప్పే ఆ అత్తగారి పని కోడలి చేతిలో మరియొక రూపము దాల్చినదని మా అభిప్రాయము. కొన్ని ఇండ్లలో పెద్దలు పోయినా వారి వాడుక మిగిలి ఉంటుంది.

భార్యాభర్తలు కలిసి 1898లో భారత క్రైస్తవ జీవితమును గురించిన కథల పుస్తకము నొకదానిని ప్రకటించారు. మూడేండ్లు గడిచిన తరువాత, 1901లో, ఆమె ఎం.ఏ. పట్టము పొందారు. పెండ్లి అయినది గనుక చదువు చాలునని ఆమె అనలేదు. ఆమెను చాలించుమని భర్తయు అనలేదు. మన సంఘములో వివాహపు సిద్ధపాటు కొరకు వచ్చే యౌవనులకు ఈ సంగతి చెప్పదగినది.

పత్రిక అను పాఠశాల

1901 జూలైలో ఆమె మద్రాసు నుండి ఇండియన్ లేడీస్ మ్యాగజైన్ అను మాసపత్రికను ప్రారంభించారు. భారతీయ స్త్రీల కొరకు ఒక భారతీయ స్త్రీ సంపాదకత్వము వహించి నడిపిన తొలి ఆంగ్ల మాసపత్రికగా దానిని చెప్పుకొంటారు. తెలుగులో అప్పటికే వీరేశలింగం పంతులు గారి సతీహితబోధిని, మల్లాది వెంకటరత్నం గారు స్థాపించిన తెలుగు జనానా పత్రిక ఉన్నవి. కాని వాటిని నడిపినవారు పురుషులు. ఇక్కడ ఇరువది రెండేండ్ల స్త్రీ స్వయముగా సంపాదకురాలు.

ఆ పత్రికలో మహనీయ స్త్రీల జీవితములు, కథలు, పద్యములు, స్త్రీవిద్యను గురించిన చర్చలు, గృహనిర్వహణ, దేశములోని స్త్రీల సభల వార్తలు ఉండేవి. హిందూ, మహమ్మదీయ, పారసీ, క్రైస్తవ స్త్రీలు, యూరోపియను దొరసానులు ఒకే పత్రికలో పక్కపక్కన వ్రాసేవారు. సంపాదకురాలు క్రైస్తవురాలు. ఆ సంగతిని ఆమె దాచలేదు. అయినను అన్యమతస్థురాలైన సోదరి తన వ్రాత పంపడానికి భయపడే పరిస్థితి ఆమె రానీయలేదు. సాక్ష్యము అనేది ప్రసంగపీఠము మీద మాత్రమే ఉండేది కాదని, ఎదుటివారికి చోటు ఇచ్చుటలో కూడా ఉంటుందని దీనివలన తెలియుచున్నది.

మన హైదరాబాదుకు ఆ పత్రికతో ఒక సంబంధము కలదు. లక్డీకాపూల్ నుండి నాంపల్లి వైపు వెళ్ళితే స్టేషను రోడ్డులో గోల్డెన్ థ్రెషోల్డ్ అను పాత భవనము ఉన్నది. అది సరోజినీ నాయుడు గారి కుటుంబము నివసించిన ఇల్లు. సరోజినీ దేవి 1879లో ఈ నగరములోనే జన్మించారు. కమల గారు, ఆమె ఒకే ఏటివారు. 1898లోనే ఆమె వివాహము కూడా మద్రాసులో వీరేశలింగం పంతులు గారి చేతుల మీదుగా జరిగింది. సరోజినీ దేవి పద్యములు తొలిరోజులలో అచ్చుకెక్కిన పత్రికలలో కమల గారి పత్రిక ఒకటి. ఒకరు జాతీయోద్యమపు వేదికలెక్కి దేశమంతట పేరు గడించారు. మరియొకరు బల్ల ముందు కూర్చుండి ఇతరుల వ్రాతలు దిద్ది అచ్చుకు పంపారు. ఈ రెండు పనులును దేశానికి కావలసినవే. రెండవదానికి పూలదండలు తక్కువ.

1905లో ఆ పత్రికలోనే సుల్తానా స్వప్నము అను ప్రసిద్ధ కథ వెలువడింది. వ్రాసినది బెంగాలుకు చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్ అను మహమ్మదీయ స్త్రీ. స్త్రీలు విజ్ఞానశాస్త్రము నేర్చి రాజ్యము పాలించగా పురుషులే అంతఃపురములో కూర్చుండే ఒక వింత దేశమును ఆమె అందులో కల్పించినది. చదివి నవ్వుకొనవచ్చును. కాని పరదా వెనుక ఉండి ఆంగ్లము నేర్చుకొన్న ఒక స్త్రీకి దేశము ముందు మాట్లాడే చోటు దొరికినది కమల గారి పత్రికలో. ఆ రొకేయా గారే 1911లో కలకత్తాలో ఎనిమిదిమంది పిల్లలతో బాలికల పాఠశాల తెరిచారు. ఆ పాఠశాల ఇప్పటికిని నడుచుచున్నది. ఒక ఉపాధ్యాయిని మరియొక ఉపాధ్యాయినికి వెలుగు అందించుట అంటే ఇదే.

శోధన దినములు

1906లో డాక్టరు శామ్యూల్ సత్యనాథన్ గారు అమెరికాలో ఉపన్యాసములు ముగించుకొని తిరుగు ప్రయాణములో జపానులో మరణించారు. భర్తను కడసారి చూచుకొనే భాగ్యము కూడా ఆ తల్లికి దొరకలేదు. అప్పటికి ఆమెకు ఇంకా ముప్పది ఏండ్లు రాలేదు. చేతిలో ఇద్దరు పసిబిడ్డలు, ఒక కుమారుడు, పద్మిని అను కుమార్తె.

ఆ కాలములో విధవకు మన దేశము ఇచ్చిన స్థానము అందరికిని తెలిసినదే. క్రైస్తవ కుటుంబాలలో శిరోముండనము లేకపోయినను, విధవ ఒక మూలకు చేరవలెనను ఆలోచన మన ఇండ్లలో కూడా లేకపోలేదు. కమల గారు మూలకు చేరలేదు. పత్రికను ఆపలేదు. తండ్రి చిన్ననాడు చేతిలో పెట్టిన చదువు ఈ దినమున ఆమె ఇంటికి అన్నము పెట్టినది.

ఆమె పిఠాపురము సంస్థానములో రాణీ చిన్నమాంబా దేవి గారికి ఉపాధ్యాయినిగా వెళ్ళారు. పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరు గారు రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి శిష్యులు. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు, కాకినాడ కళాశాలకు, అనాథాశ్రమమునకు ధనమిచ్చి పోషించిన ప్రభువు. అయినను జమీందారీ అంతఃపురములలో ఘోషా కట్టుబాటు గట్టిది. రాణిగారు బడికి వెళ్ళలేరు. కాబట్టి బడియే రాణిగారి వద్దకు వెళ్ళింది. ఎం.ఏ. చదివిన స్త్రీ ఒక్క శిష్యురాలి ముందు కూర్చుండి పాఠము చెప్పుట కొందరికి చిన్న ఉద్యోగముగా తోచవచ్చును. నికొదేము అను ఒక్కని కొరకు రాత్రివేళ కూర్చుండి బోధించిన మన బోధకుని ఎరిగినవారికి అట్లు తోచదు.

ఆమె బ్రతుకంతయు ఈ ఒక్క పనియే పలురూపములుగా కనబడుచున్నది. అంతఃపురములోని రాణికి ఎదుట కూర్చుండి చెప్పారు. గడప దాటలేని గృహిణులకు తపాలా ద్వారా పత్రిక పంపి చెప్పారు. తండ్రిలేని బిడ్డలకు ఒడిలో కూర్చోబెట్టుకొని చెప్పారు. బడికి రాలేనివారి వద్దకు బడిని మోసికొనివెళ్ళుట ఆమె ఎన్నుకొన్న సేవ.

పత్రిక 1918 వరకు నడిచి ఆగింది. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప పిల్లల చదువు కొరకు ఆమె వారిని వెంటబెట్టుకొని ఇంగ్లాండు వెళ్ళారు. తిరిగి వచ్చిన తరువాత 1927లో పత్రికను మరల లేవనెత్తారు. ఈసారి ఆమె పక్కన సంపాదకత్వములో తోడ్పడినది కుమార్తె పద్మిని. అది 1938 వరకు సాగింది. 1950లో, స్వతంత్ర భారతము గణతంత్రమైన ఏడు, కమల గారు తమ పరుగు ముగించారు. పద్మినీ సేన్‌గుప్తా గారు పెద్ద రచయిత్రియై 1956లో తల్లి జీవితచరిత్రను ప్రకటించారు. తరువాత 1966లో సరోజినీ నాయుడు గారి జీవితచరిత్రను కూడా వ్రాసినది ఆమెయే. అన్నా అను అవ్వ, కమల అను తల్లి, పద్మిని అను కుమార్తె. లోయి, యునీకేల ఇంటిని తలపించుటలేదా?

ఆమెను ఎట్లు తూచవలెను

పొగడ్తలతో ముగించుట సులభము. కాని మనము సత్యమును ప్రేమించువారము గనుక మరియొక ప్రక్కను కూడా చూడవలెను. ఆమె పత్రిక ఆంగ్లములో నడిచింది. కాబట్టి అది చేరినది చదువుకొన్న కుటుంబాల స్త్రీలకే. పొలములో నాటు వేసే మన పల్లె సంఘముల తల్లులకు అది చేరలేదు. వారికి అక్షరము చెప్పినవారు మన బైబిలు స్త్రీలు, పల్లె బడి ఉపాధ్యాయినులు. మరియొకటి. స్త్రీలు చదువుకొనవలెను గాని ఇల్లు, కుటుంబము అను పాత ఆదర్శమును విడువరాదని ఆమె పత్రిక బోధించేది. వేగముగా మార్పు కోరినవారికి అది మెత్తని స్వరముగా తోచింది. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చేనాటికి ముందునడిచిన స్త్రీలు మరింత గట్టిగా మాట్లాడుచుండిరి.

ఈ లోటులు నిజమే. అయినను బోధించుటకన్న బ్రతుకుట గట్టి స్వరమని మేము తలంచుచున్నాము. ఇల్లే స్త్రీకి ఆదర్శమని వ్రాసిన ఆ చేయియే ఎం.ఏ. పరీక్ష వ్రాసింది, పత్రిక నడిపింది, విధవయై ఇద్దరు బిడ్డలను సముద్రము దాటించి చదివించింది. ఆమె ఏమి అన్నదో మరచిపోయినవారికి కూడా ఆమె ఏమి చేసినదో కనబడుచున్నది.

మన సంఘమునకు ఈ పాఠము

ప్రియ సంఘస్థులారా, ఈనాడు లక్డీకాపూల్ మెట్రో స్టేషనులో ఉదయము నిలబడి చూడండి. అమీర్‌పేట కోచింగు సెంటర్లకు, పంజగుట్ట ఆఫీసులకు, ఆసుపత్రి డ్యూటీలకు పుస్తకము, టిఫిను డబ్బా పట్టుకొని వెళ్ళే ఆడపిల్లలే ఎక్కువగా కనబడుతారు. వారిలో మన సంఘపు బిడ్డలు కూడా ఉన్నారు. ఆడపిల్లకు చదువెందుకని మనలో ఎవరును ఇప్పుడు పైకి అనరు. కాని మంచి సంబంధము వచ్చినదని డిగ్రీ చివరి సంవత్సరములో చదువు ఆపించుట మన ఇండ్లలో ఇంకను జరుగుచున్నది. కట్నము కొరకు దాచిన డబ్బు ఫీజుకు తీయుటకు మనస్సు ఒప్పుకొనదు. భర్త పోయిన యౌవన స్త్రీకి మనము సానుభూతి చూపుతాము, భోజనము పంపుతాము, ఒక పని నేర్పించే ఆలోచన చేయము. కమల గారి తండ్రి తన కుమార్తెకు నగలకు బదులు చదువు ఇచ్చి ఉండకపోతే 1906లో ఆ ఇల్లు ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి.

ఇంకొక మనవి. పద్మిని గారు వ్రాసినందువలననే కమల గారి ఇంటి సంగతులు మనవరకు వచ్చినవి. మన ఇండ్లలోని టీచరమ్మలను గురించి వ్రాసినవారు ఎవరు? పల్లెకు ఎడ్లబండి మీద వెళ్ళి బడి చెప్పిన అవ్వలు, బోర్డింగులో వందమంది పిల్లలకు తల్లులైన మేట్రనులు, అరకొర జీతము అందిననాడు కూడా తలుపు మూయని మిషన్ బడి ఉపాధ్యాయినులు – వారి పేర్లు సమాధుల తోటలో రాళ్ళ మీద మాత్రమే ఉన్నవి. కొన్ని రాళ్ళ మీద ఆ అక్షరములు కూడా అరిగిపోయినవి. వారిని ఎరిగిన చివరి శిష్యులు ఇప్పుడు ఎనుబది ఏండ్లు దాటినవారు. వారు కూడా వెళ్ళిపోతే మన డయాసిస్ చరిత్రలో సగము ఎవరికిని తెలియకుండ పోవును.

కావున ఈ శతవార్షిక సంవత్సరము ముగియకముందే ప్రతి కుటుంబము తమకు చదువు చెప్పిన ఒక అవ్వను గురించి ఒక్క పేజీ వ్రాసి గురువుల కార్యాలయములో అందజేయవలెనని కోరుచున్నాము. ఆమె ఏ ఊరిలో పుట్టినది, ఏ బడిలో పనిచేసినది, ఎవరెవరికి అక్షరము నేర్పినది – ఈ మూడు వ్రాసినా చాలును. వ్రాయలేని పెద్దలుంటే యవనస్థుల కూటమి పిల్లలు వారి ఇంటికి వెళ్ళి కూర్చుండి, చెప్పినది వ్రాసికొని రావలెను. స్త్రీల మైత్రివారు ఆ పేజీలన్నిటిని ఒక పుస్తకముగా కుట్టించి దేవాలయములో భద్రపరచవలెను.

అట్లే, మన ఇండ్లలో పనిచేయుటకు వచ్చే స్త్రీలలో సంతకము చేయనేరని వారు ఇంకను ఉన్నారు. వారు సాయంత్రపు తరగతికి రాలేకపోవచ్చును. వారి వద్దకు పలక తీసికొనివెళ్ళుటకు మన రిటైరైన ఉపాధ్యాయినులలో ఇద్దరు ముగ్గురు ముందుకు వచ్చిన యెడల, ఈ వ్యాసము వ్రాసినందుకు మాకు అంతకన్న తృప్తి లేదు. కమల గారు ఎం.ఏ. చదివి ఒక్క శిష్యురాలి ముందు కూర్చుండినారు. మనకు ఇద్దరు దొరికినా మేలే.

దేవుడు మన అవ్వల నామములను తన గ్రంథములో భద్రపరచియున్నాడు. మన గ్రంథములలో వ్రాసికొనుట మన వంతు.